పాత కంప్యూటర్‌లోని డ్రాగన్‌ను కొత్తదానికి మార్చాలంటే?

ప్రశ్న: మా లాయరు సారు ఇంగ్లిష్‌లో చెప్పే ప్లెయింట్లను (దావా పత్రాలను) డ్రాగన్ సాఫ్ట్‌వేర్ టైప్ చేస్తుంది. పత్తికొండ, ఎమ్మిగనూరు లాంటి పేర్లన్నీ దానికి నేర్పించాం. కొత్త కంప్యూటర్ కొన్నాం. లైసెన్సు, నేర్పిన మాటలు పోకుండా మార్చడమెలా?
– ఒక గుమాస్తా, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: ముందు ప్రొఫైల్ (సారు గొంతు, నేర్పిన మాటల వివరాలు ఉండేది), తర్వాతే లైసెన్సు. ఈ వరస తప్పొద్దు. మేనేజ్ యూజర్ ప్రొఫైల్స్‌లో సారు పేరు ఎంచుకుని, అడ్వాన్స్‌డ్ నొక్కి ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చేది ఒక్క ఫైలు కాదు, ఫోల్డరు. పెన్‌డ్రైవ్‌లోకి మొత్తం కాపీ అయిందో లేదో చూసుకోండి. ఫైళ్లు తగ్గితే ప్రొఫైల్ తెరుచుకోకపోవచ్చు. నేర్పిన పేర్ల జాబితాను వొకాబులరీ మెనూ నుంచి విడిగా టెక్స్ట్ ఫైలుగానూ దాచండి. ప్రొఫైల్ పాడైనా పత్తికొండను మళ్లీ మొదటినుంచి నేర్పక్కర్లేదు.

పాతదాంట్లో నెట్ ఆన్‌లో ఉంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి, యాక్టివేషన్ (ఆ కంప్యూటర్‌లో లైసెన్సు వాడుతున్నట్టున్న నమోదు) వెనక్కి వెళ్లాలి గదా. నేరుగా ఫార్మాట్ కొడితే ఆ లైసెన్సు ఇంకా వాడుకలో ఉన్నట్టే లెక్క. కొత్తదాంట్లో యాక్టివేషన్ ఒప్పుకోకపోవచ్చు.

కొత్తదాంట్లో అదే వెర్షన్ గానీ, పై వెర్షన్ గానీ వేయండి. పై వెర్షన్ ప్రొఫైల్ కిందిదాంట్లో తెరుచుకోదు. పెన్‌డ్రైవ్‌లోని ప్రొఫైల్ అందులోకి ఇంపోర్ట్ అయ్యాక మైక్ చెక్ తప్పనిసరి: సౌండ్ కార్డు మారింది కాబట్టి పాత వాల్యూమ్ కొలతలు సరిపోవు. పాత హెడ్‌సెట్టే వాడితే ఇంకా మేలు.