మీ అమ్మాయి నర్సు. ముందు ఆ మాట అనుకుని, తర్వాత పీజీ సంగతి చూద్దాం

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఎనిమిది నెలలుగా ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో పని చేస్తోంది. నైట్ డ్యూటీలతో బాగా అలసిపోతోంది. స్టాఫ్ నర్సుగానే ఉండిపోతే ఎదుగుదల ఉండదని బంధువులంతా అంటున్నారు. వెంటనే పీజీ చేయించాలనుకుంటున్నాం. ఎంఎస్సీ నర్సింగ్, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్, బ్రిటన్‌లో హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్, ఈ మూడింటిలో ఏది మేలు? సంబంధాలు కూడా చూస్తున్నాం. పోల్చి చెప్పగలరు. (ఒక తండ్రి)

జవాబు: మీ ఉత్తరంలో మూడు కోర్సులున్నాయి, బంధువులున్నారు, రాబోయే సంబంధాలున్నాయి. అమ్మాయికి ఏది ఇష్టమో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కోర్సుల పేర్లు మారతాయి గానీ ఆ 'ఉండిపోతే' అనే మాట మాత్రం ప్రతి దాంట్లోనూ ఉంటుంది.

పీజీ చేస్తేనే ఎదిగినట్టు అనే లెక్క మనకు డాక్టర్ల నుంచి వచ్చింది. ఎంబీబీఎస్ తర్వాత ఎండీనో ఎంఎస్సో చేస్తే బోర్డు మీద పేరు దగ్గర్నుంచి చూసే కేసుల దాకా అన్నీ మారిపోతాయి. నర్సింగ్‌లో అలా కాదు. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో ఎంఎస్సీ చేసిన అమ్మాయి, బీఎస్సీ చేసిన అమ్మాయి పక్కపక్క బెడ్ల దగ్గర ఒకే డ్యూటీ చేస్తుంటారు. జీతంలో తేడా ఉన్నా ఇంట్లో చెప్పుకునేంత ఉండదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా ఎవరిని పెట్టాలన్నప్పుడు, అర్ధరాత్రి రెండు మానిటర్లు ఒకేసారి మోగితే ఈమె ఏం చేస్తుంది అనేదే ముందు చూస్తారు. సర్టిఫికెట్ల ఫైలు ఆ తర్వాతే తెరుస్తారు.

అలాగని ఎంఎస్సీ దండగ అనడం లేదు. నర్సింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలన్నా, ఆపైన ప్రిన్సిపాల్ దాకా వెళ్లాలన్నా అది లేకుండా కుదరదు. బోధన మీద ఇష్టం ఉన్న పిల్లకు అది సరైన చదువు. కానీ మీరు 'వెంటనే' అన్నారు చూడండి, అక్కడే చిక్కు. బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది పని అనుభవం ఉంటేనే ఎంఎస్సీలో చేరాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. మీరు వృథా అవుతున్నాయనుకుంటున్న ఈ ఎనిమిది నెలలు ఆ ఏడాది లెక్కలోకే వస్తున్నాయి. ప్రవేశ పరీక్ష వివరాలు నేను రాయక్కర్లేదు, అవి మీకంటే ఆమెకే బాగా తెలిసుంటాయి. కాలేజీ విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. 'రోజూ రాకపోయినా ఫర్వాలేదు, మేం చూసుకుంటాం' అనే చోట సీటు తీసుకోకండి. వార్డు ముఖం చూడని ఎంఎస్సీతో పాఠం చెప్పడానికి నిలబడితే మొదటి వారంలోనే పిల్లలు కనిపెట్టేస్తారు.

ప్రభుత్వ ఉద్యోగం సంగతి మీరు అడగలేదు, అయినా చెప్తాను. ఎయిమ్స్‌లలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్సెట్ పరీక్ష రాయడానికి బీఎస్సీ, నర్సుగా రిజిస్ట్రేషన్ చాలు. మూల వేతనం 44,900 రూపాయలతో మొదలవుతుంది, అలవెన్సులు దాని మీద. పీజీ అక్కర్లేదు. గరిష్ఠ వయసు 30 ఏళ్లు, రిజర్వేషన్ ఉన్నవారికి సడలింపు. హడావుడిగా రెండేళ్లు పీజీలో పెడితే ఆ రెండేళ్లూ ఈ వయసులోంచే తగ్గుతాయి. ఈ లెక్క మీ బంధువులెవరూ వేసి ఉండరు.

ఇక బ్రిటన్. ఈ ఫ్యాషన్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. కన్సల్టెన్సీల వాళ్లు 'అక్కడ నర్సులకు గిరాకీ' అని మొదలుపెట్టి, చేతిలో మేనేజ్‌మెంట్ కోర్సు అప్లికేషన్ పెడతారు. ఆ రెండింటికీ సంబంధమే లేదు. బ్రిటన్‌లో నర్సుగా పని చేయాలంటే అక్కడి నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌లో నమోదు కావాలి. మన దగ్గర చేసిన నర్సింగ్ చదువు, ఐఈఎల్‌టీఎస్ గానీ ఓఈటీ గానీ ఏదో ఒక ఇంగ్లిష్ పరీక్ష, ఇక్కడే రాయగలిగే కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక చేసి చూపించాల్సిన ఆస్కీ పరీక్ష, దారి ఇదీ. హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కు ఇందులో చోటు లేదు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష కావాలి. వీటికైనా ఆమె చేతిలో ఉన్న బీఎస్సీతోనే మొదలుపెట్టవచ్చు.

నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి కథ ఇలాంటిదే. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ఆ కోర్సుకు పంపారు. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ 20 గంటలూ కేర్ హోమ్‌లో ముసలివాళ్లకు అన్నం తినిపించింది. అది చిన్న పని అని నేననను, ఆమె కూడా అనలేదు. మాస్టర్స్ అయ్యాక మేనేజర్ ఉద్యోగం రాలేదు. చివరికి ఆస్కీ పాసై నర్సుగానే స్థిరపడింది. మొదటే ఇక్కడి నుంచి ఆ దారిన వెళ్లి ఉంటే నెత్తిన అప్పు ఉండేది కాదు. పెళ్లి చేసి అల్లుడిని కూడా తోడు పంపుదామనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. 2024 జనవరి నుంచి రీసెర్చ్ కోర్సులు కాని మాస్టర్స్‌కు వెళ్లే విద్యార్థులు కుటుంబాన్ని డిపెండెంట్ వీసాపై తీసుకెళ్లలేరు.

హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ మీద నాకంత కోపం లేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, నిమ్స్, ముంబైలో టిస్ లాంటి చోట్ల మంచి కోర్సులున్నాయి. ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు పనులు చూసే క్వాలిటీ విభాగంలో, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్‌లో నర్సింగ్ చేసినవాళ్లు బాగా రాణిస్తారు. చేతులు కడుక్కోవడం ఎవరు ఎప్పుడు ఎగ్గొడతారో వార్డులో పని చేసినవాళ్లకే తెలుస్తుంది మరి. అయితే మూడు నాలుగేళ్ల అనుభవం తర్వాత చేస్తేనే ఆ బలం. ఇప్పుడే వెళ్తే బిల్లింగ్ కౌంటర్‌లోనో ఇన్సూరెన్స్ డెస్క్‌లోనో కూర్చోబెడతారు.

కాస్త కటువుగా ఉంటుంది గానీ చెప్పక తప్పదు. మీకు అసలు బెంగ కోర్సు గురించి కాదు. పెళ్లిచూపుల్లో 'అమ్మాయి ఏం చేస్తుంది' అని అడిగితే 'నర్సు' అని చెప్పడానికి మీకు నోరు రావడం లేదు. 'మేనేజ్‌మెంట్‌లో ఉంది' అంటే గౌరవం అనుకుంటున్నారు. మీరు ఆ మాట నసిగినప్పుడల్లా పక్కగదిలో ఉన్న ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది. నైట్ డ్యూటీ అలసట నిద్రతో పోతుంది, ఇది పోదు. ఐసీయూలో మొదటి ఏడాది అందరికీ కష్టమే. మీ అమ్మాయి ఎనిమిది నెలలు నిలబడిందంటే పని వచ్చినట్టే. మరీ టెన్షన్‌గా ఉంటే వార్డు మార్చమని అడగవచ్చు, ఆసుపత్రే మారవచ్చు. అందుకోసం రెండేళ్ల చదువు అక్కర్లేదు.

ఐసీయూ పనే నచ్చితే క్రిటికల్ కేర్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు కూడా ఉంది. అందులో చదువంతా బెడ్ పక్కనే సాగుతుంది, నాకు ఇష్టమైన కోర్సు అది. కానీ ఆ హోదాతో మన దగ్గర పోస్టులు ఇంకా తక్కువ, అదీ తెలుసుకునే చేరాలి. మానసిక ఆరోగ్యం మీద ఆసక్తి ఉంటే బెంగళూరు నిమ్హాన్స్ చూడమనండి.

ఇవన్నీ మీరు ఎంచాల్సినవి కావు. ఆమెకు వీక్లీ ఆఫ్ వచ్చిన రోజు, నిద్ర లేచి టిఫిన్ అయ్యాక, డ్యూటీ ఎలా ఉందని అడిగి ఊరుకోండి. కొత్తగా చేరిన జూనియర్‌కు ఏదో నేర్పించిన సంగతి ఉత్సాహంగా చెప్తే ఎంఎస్సీ గురించి మాట్లాడండి. డ్యూటీ చార్ట్ ఎంత అడ్డదిడ్డంగా వేస్తున్నారో, తనైతే ఎలా వేసేదో చెప్తే అడ్మినిస్ట్రేషన్ వైపు చూడవచ్చు, కొన్నాళ్లాగి. ఫలానా బెడ్ పేషెంట్ వెంటిలేటర్ నుంచి బయటపడ్డాడని చెప్తే ఆమెను ఆ పని చేసుకోనివ్వండి. ఈసారి ఉత్తరం ఆమెనే రాయమనండి.