శాండ్‌విచ్‌లో అన్నీ పెట్టించుకోకు, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, “వాడు అన్నం మానేసి రోజూ ఆ పొడుగు బ్రెడ్డే తింటున్నాడట, అదీ బాగుండట్లేదంటున్నాడు, నువ్వే కాస్త చెప్పరా” అంది. ఎందుకు బాగుండట్లేదో నాకు తెలుసు. కౌంటర్ వెనక మనిషి గబగబా ఇది వేయనా అది వేయనా అని అడుగుతుంటాడు, నీ వెనక లైన్ పెరిగిపోతుంటుంది, నువ్వు టెన్షన్‌లో అన్నిటికీ తలూపేస్తుంటావు. పైగా డబ్బులు ఎలాగూ ఒకటే కదా, ఎందుకు వదిలేయాలి అని మనవాళ్ల లెక్క ఒకటి. ఆలివ్స్, హలపీన్యో మిరపకాయలు, పచ్చి క్యాప్సికం, మూడు రకాల సాస్‌లు, అన్నీ పడితే చివరికి ఏ రుచీ ఉండదు. పెళ్లి భోజనంలో పప్పు, సాంబారు, పెరుగు ఒకేసారి కలిపేసుకుని తింటావా ఏంటి?

పాతికేళ్లుగా మా ఇంట్లో శనివారం మధ్యాహ్నం సబ్, అంటే నువ్వు తినే ఆ పొడుగు బ్రెడ్డు శాండ్‌విచ్చే. మా అత్తగారు మొదటిసారి ఇండియా నుంచి వచ్చినప్పుడు, “మధ్యాహ్నానికి సబ్బేమిటి నాయనా” అని బెంబేలెత్తిపోయింది. ఇంతకీ నువ్వు ఉన్నది ఫిలడెల్ఫియాలో కాబట్టి అక్కడ హోగీ అనాలి, న్యూయార్క్‌లో హీరో అంటారు, పైన కనెక్టికట్ వైపు వెళ్తే గ్రైండర్. మా న్యూజెర్సీలో మాత్రం సబ్. ఈ పేరు మా పేటర్సన్‌లోనే పుట్టిందని ఇక్కడివాళ్ల నమ్మకం. జాన్ హాలండ్ అనే ఐరిష్ ఆయన 1881లో నీళ్లలోకి దించిన సబ్‌మెరీన్ ఇప్పటికీ పేటర్సన్ మ్యూజియంలో ఉంది, దాన్ని చూసి డొమినిక్ కాంటీ అనే ఇటాలియన్ కొట్టు ఆయన తన శాండ్‌విచ్‌కి ఆ పేరు పెట్టాడట. మాదంటే మాదనే ఊళ్లు ఇంకా ఉన్నాయిలే, మన పూతరేకుల్లాగా వాదన లేకుండా ఒక్క ఊరికి దక్కలేదు.

సరే, అసలు సంగతి. బ్రెడ్డుతో మొదలుపెట్టు, ఎందుకంటే అది బాగోకపోతే లోపల ఏం పెట్టినా దండగ. బొటనవేలితో నొక్కి చూడు, పైన పొర సన్నగా చిట్లినట్టు శబ్దం రావాలి, లోపల మెత్తగా ఉండి నెమ్మదిగా మళ్లీ పైకి లేవాలి. నొక్కితే నొక్కినట్టే ఉండిపోయిందంటే వదిలెయ్. చెయిన్ కొట్ల బ్రెడ్డు నాకు తియ్యగా తగులుతుంది, మీ అత్తేమో అదంతా నా చాదస్తం అంటుంది. కానీ 2020లో ఐర్లండ్ సుప్రీంకోర్టు సబ్‌వే అనే శాండ్‌విచ్ చెయిన్ వాళ్ల బ్రెడ్డు విషయంలో ఏమందో తెలుసా? పన్ను మినహాయింపుకి పిండి బరువులో పంచదార 2 శాతం దాటకూడదు, వీళ్లది 10 శాతం ఉంది, కాబట్టి చట్టం లెక్కలో ఇది బ్రెడ్డే కాదు అంది. ఆ వార్త ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. మీ అత్త వారంలోపే తీసేసింది.

కోసేటప్పుడు పూర్తిగా రెండు ముక్కలు చేయొద్దు. పుస్తకంలా ఒక పక్క అతుక్కునే ఉండాలి. పై సగంలోంచి మెత్తటి భాగం కాస్త వేళ్లతో గిల్లి తీసేస్తే కూరగాయలకి చోటు దొరుకుతుంది, కొరికినప్పుడు అన్నీ వెనక నుంచి జారిపోవు.

ఏది ముందు ఏది వెనక అన్నది నాకు అవమానపడ్డాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పొద్దున్నే ఇంట్లో సబ్ చేసుకుని రైల్లో న్యూయార్క్ పట్టుకెళ్లాను. బ్రెడ్డుకి రెండు పక్కలా మయోనీజ్ దట్టంగా పూసి, దాని మీదే టమాటా ముక్కలు పేర్చాను. మధ్యాహ్నం మీటింగ్‌లో అందరూ డబ్బాలు తెరిస్తే నేనూ తెరిచాను. చేత్తో ఎత్తేసరికి అడుగు బ్రెడ్డు తడిసిన పేపర్‌లా ఊడి, టమాటాలతో సహా కొత్త ప్యాంటు మీద పడింది. ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ.

అందుకే అడుగున చీజ్. తడి బ్రెడ్డులోకి దిగకుండా అదే అడ్డుపడుతుంది. నాకు ప్రొవలోన్ అనే ఇటాలియన్ చీజ్ తప్ప వేరేది పడదు. దాని మీద మాంసం, పలచగా కోయించుకుని, చీరలా పరిచేయకుండా మడతలు మడతలుగా పెట్టు, మధ్యలో గాలి ఉంటే తినడానికి మెత్తగా ఉంటుంది. నాది టర్కీ కోడి మాంసం, కొంచెం హామ్, అంటే పందిమాంసం. బీఫ్ తిననని మీ అమ్మకి మాటిచ్చావు కదా, మరి పాస్ట్రామీ అని మసాలా పట్టించి పొగబెట్టిన మాంసం ఉంటుంది, అది మామూలుగా బీఫే. పెప్పరోనీ, సలామీ లాంటి సాసేజ్‌ల్లో కూడా పందిమాంసంతో పాటు బీఫ్ కలిపేవాళ్లున్నారు. మొహమాటపడకుండా అడుగు, ఇక్కడ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

టమాటాకి విడిగా ఉప్పు జల్లి, ఐదు నిమిషాలాగి టిష్యూతో అద్దు. ఉల్లిపాయ మన పకోడీకి తరిగే దానికన్నా సన్నగా. లెట్యూస్ ఆకులు ఆకులుగా వద్దు, క్యాబేజీ తురుములా తరగాలి, అప్పుడే వెనిగర్ పట్టుకుంటుంది. ముందు రెడ్ వైన్ వెనిగర్, తర్వాతే నూనె. నూనె ముందు పోస్తే ఆకుకి జిడ్డు పట్టేసి వెనిగర్ అంతా కిందికి జారిపోతుంది. రెండూ కూరల మీదే, బ్రెడ్డు మీద కాదు. పైన ఉప్పు, ఓరెగానో ఎండాకు. అంతే. మయోనీజ్ నేను ఆ రోజే మానేశాను.

ఒక్క రహస్యం చెప్తా, డెలీలో, అదే ఈ శాండ్‌విచ్‌లు కట్టే కొట్లో, ఎవరికీ చెప్పకు. ఆలివ్ నూనె బదులు ఆవకాయ జాడీలో పైకి తేలిన ఊట ఒక చెంచా. ముక్క వద్దు, ఊటే. టర్కీకి సొంతంగా రుచేముంది చెప్పు, ఆ ఆవఘాటు తగిలాక దానికి ప్రాణం వస్తుంది.

మీ అత్త శనివారం నీచు ముట్టదు, కాబట్టి ఆమెది వంకాయ సబ్. ఇటాలియన్ వాళ్లు మనకన్నా ఏం తక్కువ కాదురా వంకాయ విషయంలో. లావు వంకాయని చక్రాల్లా కోసి, మైదా అద్ది వేయించి, చీజ్, కాల్చిన ఎర్ర క్యాప్సికంతో పెడితే నేను కూడా నా సగం ఇచ్చి ఆమె సగం అడుక్కుంటాను. బయట వెజ్ ఆర్డర్ చేసేటప్పుడు గ్లవ్స్, కత్తి మార్చమని ముందే చెప్పాలి, సగం కట్టాక చెప్తే లాభం లేదు.

అయ్యాక వెంటనే కొరక్కు. కాగితంలో బిగించి చుట్టి పది నిమిషాలు వదిలెయ్, తర్వాత కాగితంతో పాటే అడ్డంగా కొయ్.

వచ్చే శనివారం రా. ట్రెంటన్‌లో రైలు మారి ఎడిసన్‌లో దిగు, నేను కారు తెస్తాను. దార్లో డెలీలో బ్రెడ్డు తీసుకుందాం, పన్నెండు దాటితే మంచివి అయిపోతాయి కాబట్టి పొద్దున రైలే ఎక్కు. జాడీ కింద పెట్టి ఉంచుతాను.

మామయ్య