టాటా సన్స్ షేర్లు డీమ్యాట్‌లో ఎందుకు కనబడవంటే

అండీ, యాప్‌లో ఎంత వెతికినా టాటా సన్స్ దొరకట్లేదన్నారు కదా, తప్పు మీ యాప్‌ది కాదు. అది టాటా గ్రూపు కంపెనీల్లో వాటాలు పట్టుకుని ఉండే మాతృసంస్థ, స్టాక్ ఎక్స్ఛేంజీలో లేదు, 2017లో ప్రైవేట్ లిమిటెడ్‌గా మారాలని తీర్మానం చేసుకున్న కంపెనీ. షేరు చేతులు మారాలంటే బోర్డు ఒప్పుకోవాలి, కాబట్టి అన్‌లిస్టెడ్‌లో, అంటే ఎక్స్ఛేంజీ బయట, ఇప్పిస్తానని మీకు మెసేజ్ పెట్టినాయన్ని నమ్మి డబ్బు పంపకండి.

ఇక "అదంతా టాటా కుటుంబం సొత్తే కదా" అన్నారు, అక్కడే చాలామంది పొరబడతారు. దాదాపు 66 శాతం వాటా టాటా ట్రస్టులది, అంటే ధర్మసంస్థలది, వచ్చే డివిడెండ్ చదువులకీ వైద్యానికీ పోతుంది. మిస్త్రీ కుటుంబపు షాపూర్‌జీ పల్లోన్‌జీ వ్యాపార వర్గానికి 18 శాతం పైన ఉంది. అంత ఉండి కూడా 2016లో ఆ కుటుంబానికే చెందిన సైరస్ మిస్త్రీని టాటా సన్స్ ఛైర్మన్ పదవి నుంచి తీసేస్తే ఆపలేకపోయారు, 2021లో సుప్రీంకోర్టు కూడా టాటాల వైపే తీర్పిచ్చింది. కారణం కంపెనీ నియమావళి: బోర్డులో మూడో వంతు డైరెక్టర్లను ట్రస్టులే నామినేట్ చేయొచ్చు, ముఖ్యమైన నిర్ణయాలకి అలా నామినేట్ అయిన డైరెక్టర్లలో మెజారిటీ ఒప్పుకోవాల్సిందే. వాటా శాతం కంటే ఈ కాగితమే గట్టిది, నన్నడిగితే.

రిజర్వ్ బ్యాంకు 2022లో టాటా సన్స్‌ని పై అంచె ఎన్‌బీఎఫ్‌సీల్లో (బ్యాంకులు కాని పెద్ద ఆర్థిక సంస్థల్లో) చేర్చింది, అలాంటివి ఎక్స్ఛేంజీలో లిస్ట్ కావాలన్నది నిబంధన కాబట్టి అప్పటి నుంచీ లిస్టింగ్ మాట నలుగుతోంది. ఈలోగా కాస్త వాటా కావాలంటే టాటా కెమికల్స్, టాటా స్టీల్ లాంటి లిస్టయిన కంపెనీల దగ్గర టాటా సన్స్ షేర్లు కొన్ని ఉన్నాయి. కానీ అందుకోసమే అవి కొనకండి, వాటి వ్యాపారం చూసి కొనండి.