రోస్టర్ రాసే ముందు

అమ్మాయ్,

ఎంవీపీ కాలనీ సెంటర్‌కి నిన్ను ఇన్‌ఛార్జిని చేశారని తెలిసి సంతోషంగా ఉంది. నలుగురు జూనియర్లు, ఇద్దరు ఇంటర్న్‌లు, ఒక ఆయా అన్నావు. "ఎవరికీ అన్యాయం జరగకుండా నడపాలంటే ఎలా మేడమ్?" అని అడిగావు. ఈ విశాఖలో ముప్పై ఏళ్లు ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ, జబ్బు పడ్డవాళ్లు రోజువారీ పనులు చేసుకునేలా నేర్పే పని, చేసినదాన్ని (మా వీధిలో ఇప్పటికీ ఓటీ అంటే ఆపరేషన్ థియేటరే), నాకు తోచింది రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. పక్షవాతం వచ్చిన ఒకామెని జాలరిపేట నుంచి తీసుకొచ్చారు. చేపలమ్మేది. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలరో కొలిచే బార్తెల్ ఇండెక్స్ కాగితం తీసి మార్కులు వేశాను. చెంచా పట్టించాను, మంచం మీంచి కుర్చీలోకి మారడం నేర్పాను, మెట్లు ఎక్కించాను. ఆరు వారాలకి మార్కులు బాగా పెరిగాయి. నేను మురిసిపోతుంటే ఆమె అంది: "అన్నీ సేత్తన్నాను గానీ తల్లీ, కత్తిపీట కాడ కూకోలేకపోతన్నాను."

ఆ కాగితంలో కుర్చీలోకి మారడానికి 15 మార్కులున్నాయి. నేల మీద కూర్చుని లేవడానికి ఒక్క మార్కూ లేదు. 1965లో అమెరికాలో అచ్చయిన కాగితం అది, దాన్ని తిట్టి లాభం లేదు. ఇంట్లో ఏం చేస్తావని ఆమెని మొదటిరోజే అడగకపోవడం నా తప్పు.

అప్పటినుంచి ఏ కాగితం చేతికొచ్చినా, అందులో ఎవరి పనికి గడి లేదో చూడటం అలవాటైంది. నీ రిజిస్టర్నీ అలాగే చూడు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో పాడేరు వైపు నుంచి వచ్చిన జూనియర్ ఒకమ్మాయి ఉండేది. ఏజెన్సీ నుంచి ఎవరొచ్చినా ఆదివాసీ ఒడియాలో మాట్లాడటానికి ఆమెనే పిలిచేవాళ్లం. తన కేసు వదిలి వచ్చేది. తల్లి దేనికి భయపడుతోందో, బిడ్డ ఇంట్లో ఏం ముట్టుకోడో, అన్నీ రాబట్టేది. కేసు షీటు మీద మాత్రం సీనియర్ పేరు. కాన్ఫరెన్స్‌లో ఆ కేసు చెప్పిందీ సీనియరే. ఏడాది చివర్లో "కేసులు తక్కువ చూసింది" అని ఆ అమ్మాయికి ఇంక్రిమెంట్ ఆపారు. అప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

నువ్వు అలా చెయ్యకు. భాష కోసం ఎవరినైనా పిలిస్తే ఆ అరగంట వాళ్ల ఖాతాలో రాయి. కేసు వాళ్ల చేతే చెప్పించు. ఇంగ్లీషు తడబడితే తెలుగులో చెప్పమను, వినేవాళ్లంతా తెలుగువాళ్లే కదా.

ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసే జబ్బు మన సెంటర్లలోనూ ఉంది. ఎప్పుడో ఒకరోజు ఏదో ఇంటి నుంచి "వేరే అమ్మాయిని పంపండి" అని ఫోన్ వస్తుంది. ఎందుకని అడుగు. నీళ్లు నమిలితే సంగతి అర్థమైపోతుంది. అప్పుడు ఇంకొకరిని పంపకు. ఆ అమ్మాయి వెళ్తానంటే ఆమెనే పంపు, లేదంటే కేసు వదులుకో. ఫీజు పోయిందని ఓనర్ గొణుగుతాడు. ఆ మాట పడాల్సింది నువ్వు, ఆ పిల్ల కాదు.

హోం విజిట్లలో ఎక్కడైనా జరిగేదే: బీచ్ రోడ్డు ఫ్లాట్లు సీనియర్లకి, గాజువాక అవతల, కొండవాలు ఇళ్లు కొత్తవాళ్లకి. బస్సులో పోయిన గంటన్నర పనిగంటల్లోకి రాదు, ఆటో డబ్బులు సొంత జేబులోంచి. వంతులు వెయ్యి, నీ పేరూ అందులో పెట్టు. ఏదో ఇంట్లో ఒక ఆడపిల్లకి ఇబ్బంది ఎదురైతే "అది మన సెంటర్లో జరగలేదు కదా" అనేవాళ్లుంటారు. పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులకి వ్యతిరేకంగా వచ్చిన 2013 చట్టం ప్రకారం పని మీద వెళ్లిన ఇల్లు కూడా పనిచేసే చోటే. పదిమంది ఉద్యోగులు లేని చోట ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ తప్పనిసరి కాదు, ఫిర్యాదు జిల్లా లోకల్ కమిటీకి వెళ్తుంది. దాని వివరాలు కలెక్టరేట్‌లో కనుక్కుని ఇప్పుడే గోడకి అంటించు. ఏదైనా జరిగాక వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

స్టైపెండ్ గురించి నీకు నేను చెప్పాలా? ఇంటర్న్‌గా ఉన్నప్పుడు నా ముందు కూర్చుని ఏడ్చావు. మీ బ్యాచ్‌లో ఇంటి నుంచి డబ్బులొచ్చినవాళ్లే ఈ పనిలో నిలిచారు. ఓనర్‌తో ఆ గొడవ మొదటి నెలలోనే పెట్టుకో.

ఆయాని మీటింగ్‌లో కూర్చోబెట్టు. ఏ పిల్లాడు ఏ పక్కకి ఒరుగుతున్నాడో నీకన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.

ఆ చేపలామె సంగతి మరిచాను. తర్వాత మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. నేల కన్నా జానెడు ఎత్తున్న పీట వేసుకుంటే లేవడం వచ్చేసింది. ఆ పీట ఆమె కొడుకు పాత పడవ చెక్కతో చేశాడు, ఆలోచన కూడా వాడిదే. నా కేసు షీటులో మాత్రం నేను చేయించినట్టు రాసుకున్నాను. పాత ఫైళ్లు అటక మీదున్నాయి. ఈసారి వచ్చినప్పుడు కాస్త దించిపెట్టు, అది దిద్దాలి.

మీ మేడమ్