టెక్ సందేహాలు: టూల్ సంగతి తర్వాత, ముందు టేబుళ్లు

ప్రశ్న: మాది యంత్రాల సర్వీసింగ్ చేసే చిన్న సంస్థ. ఆఫీసులో నలుగురం, బయట తిరిగి రిపేర్లు చేసే టెక్నీషియన్లు ఎనిమిది మంది. కస్టమర్ల వివరాలు, కంప్లయింట్లు, విడిభాగాల స్టాకు, బిల్లులు అన్నీ వేర్వేరు ఎక్సెల్ ఫైళ్లలో ఉన్నాయి. ఎవరి దగ్గరున్నది లేటెస్ట్ ఫైలో తెలియక రోజూ టెన్షనే. మాలో కోడింగ్ ఎవరికీ రాదు. కోడ్ రాయకుండానే యాప్‌లు కట్టుకునే టూళ్లున్నాయట: ఎయిర్‌టేబుల్, నోషన్, స్మార్ట్‌సూట్, జోహో క్రియేటర్, యాప్‌షీట్... ఎవర్ని అడిగితే వాళ్లు ఒక పేరు చెబుతున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీరు రాసిన అయిదింటిలో పనికిరానిదంటూ ఏదీ లేదు. అసలు ఇబ్బంది అదే. ఫీచర్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిట్లోనూ టిక్కులే కనబడతాయి, ఏదీ తేలదు. అందుకని వెబ్‌సైట్లు మూసేసి, ముందు మీ పనిని కాగితం మీద గీయండి.

కస్టమర్లు ఒక టేబుల్, వాళ్ల దగ్గరున్న యంత్రాలు ఇంకొకటి, కంప్లయింట్లు మరొకటి, విడిభాగాలు నాలుగోది. ఒక కస్టమర్‌కు నాలుగు యంత్రాలుండొచ్చు, ఒక యంత్రానికి పది కంప్లయింట్లు రావచ్చు. ఇంతవరకు ఎవరైనా గీస్తారు. చిక్కంతా విడిభాగాల దగ్గరే. ఒక రిపేరుకు మూడు నాలుగు భాగాలు పడతాయి, అదే భాగం వందల రిపేర్లలో వాడతారు. ఎక్సెల్ అలవాటుతో చాలామంది కంప్లయింట్ల టేబుల్లోనే ‘భాగం 1’, ‘భాగం 2’, ‘భాగం 3’ అని కాలమ్‌లు పెట్టేస్తారు. నాలుగో భాగం వేయాల్సిన రిపేరు వచ్చిన రోజున దాన్ని రిమార్క్స్‌లో రాస్తారు. నెలాఖరుకు స్టాకు లెక్క తేలదు. దీనికి విరుగుడు ‘వాడకం’ అనే అయిదో టేబుల్. అందులో ఒక్కో వరుసకు నాలుగే సంగతులు: ఏ కంప్లయింట్, ఏ భాగం, ఎన్ని, ఆ రోజు ధర ఎంత.

ఆ చివరిది దగ్గర కాస్త ఆగండి. ధర ఎలాగూ విడిభాగాల టేబుల్లో ఉందిగా, అక్కడి నుంచి లుకప్‌తో (ఇంకో టేబుల్లోని విలువను చూపించే ఫీల్డు) తెచ్చుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ లుకప్ ఎప్పుడూ ఈ క్షణాన ఉన్న విలువనే చూపిస్తుంది. వచ్చే నెల మీరు ధర మార్చగానే, కిందటేడాది రిపేర్ల మొత్తాలు కూడా మారిపోతాయి. కస్టమర్ దగ్గరున్న బిల్లు ఒకటి చెబుతుంది, మీ స్క్రీన్ ఇంకొకటి చెబుతుంది. కాబట్టి ధరను లుకప్‌గా వదిలేయకుండా, వరుస చేర్చినప్పుడే ‘ఆ రోజు ధర’ ఫీల్డులోకి కాపీ అయ్యేలా చిన్న ఆటోమేషన్ పెట్టుకోవాలి. ఏ టూల్ ట్రయల్ తీసుకున్నా మొదట ఈ పని చేసి చూడండి. ఇది సాఫీగా జరిగిందంటే మిగతావి సులువే.

ఇక టూళ్ల సంగతి. నోషన్ బలం రాతపనిలో ఉంది. మీటింగ్ నోట్సు, పని పద్ధతులు, ప్రాజెక్టు పేజీలు రాసుకోవడానికి దాన్ని మించింది తక్కువ. టేబుళ్ల మధ్య లింకులు అందులోనూ ఉన్నాయి. అయినా రోజూ పదుల కొద్దీ వరుసలు చేరే లావాదేవీలకు నేనైతే దాన్ని వాడను. ఎయిర్‌టేబుల్, స్మార్ట్‌సూట్ ఇలాంటి లింకు టేబుళ్ల కోసమే పుట్టాయి. స్మార్ట్‌సూట్‌లో ప్రాజెక్టులు, పనుల పంపకాలకు సంబంధించినవి ముందే అమర్చి ఉంటాయి. ఆఫీసులో కూర్చుని పని చేసేవాళ్లకు రెండూ హాయిగా ఉంటాయి.

మీ పనిలో సగం మాత్రం ఆఫీసు బయటే జరుగుతోంది. ఎయిర్‌టేబుల్ ఫారం నింపడానికి టెక్నీషియన్‌కు లైసెన్సు అక్కర్లేదు, బాగానే ఉంది. అయితే ఫారంతో కొత్త రికార్డు చేర్చగలడే తప్ప, ఉన్న కంప్లయింట్‌ను తెరిచి ‘పూర్తయింది’ అని మార్చలేడు. మార్చాలంటే ఎడిటర్ కావాలి. ఎడిటర్ అంటే ఇంకో సీటుకు డబ్బు కట్టాలి. మీ విషయంలో అది నాలుగు సీట్ల ఖర్చు కాదు, పన్నెండు సీట్లది.

రికార్డుల పరిమితి కూడా లెక్క వేసుకోండి. రోజుకు ఇరవై కంప్లయింట్లు, ఒక్కోదానికి సగటున మూడు భాగాలు అనుకుందాం. కంప్లయింట్లు 20, వాడకం వరుసలు 60. రోజుకు 80 రికార్డులు. ఎయిర్‌టేబుల్ ఉచిత ప్లాన్‌లో ఒక బేస్‌కు, అంటే అందులోని అన్ని టేబుళ్లకూ కలిపి, 1,000 రికార్డులే. అది రెండు వారాల్లో నిండిపోతుంది. టీమ్ ప్లాన్‌లో 50,000 వరకు ఇస్తారు, అది సుమారు రెండేళ్ల పనిదినాలకు వస్తుంది. ఈ అంకెలను కంపెనీలు అప్పుడప్పుడు మారుస్తుంటాయి, కొనేముందు ప్లాన్ల పేజీ ఒకసారి చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఎవరికి ఏం కనిపించాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. చాలామంది ఇక్కడే పొరబడతారు. వ్యూలో, అంటే టేబుల్‌ను చూపించే ఒక తీరులో, ఒక కాలమ్‌ను దాచేస్తే అది రహస్యమైపోయిందని ధీమాగా ఉంటారు. దాచడం వేరు, తాళం వేయడం వేరు. ఎయిర్‌టేబుల్లో బేస్‌కు ఎడిటర్‌గా ఉన్న మనిషి ఇంకో వ్యూ తయారు చేసుకుని అదే కాలమ్‌ను చూడగలడు. కొనుగోలు ధరలు టెక్నీషియన్లకు తెలియకూడదనుకుంటే వాళ్లను బేస్‌లోకి రానివ్వకుండా ఇంటర్‌ఫేస్ వరకే, అంటే మీరు ఎంచిన వివరాలే కనిపించే స్క్రీన్ల వరకే, ఉంచాలి. యాప్‌షీట్‌లోనూ ఇదే మెలిక ఉంది. స్లైస్ అనేది కొన్ని వరుసలు, కాలమ్‌లనే చూపించే తీరు మాత్రమే. డేటా ఫోన్‌లోకే రాకుండా ఆపాలంటే సెక్యూరిటీ ఫిల్టర్ పెట్టాలి.

ఇన్ని చెప్పాక నా ఓటు ఎటో చెప్పాలి కదా. మీరు ఇప్పటికే గూగుల్ వర్క్‌స్పేస్ వాడుతుంటే గూగుల్‌దే అయిన యాప్‌షీట్‌తో మొదలుపెట్టండి. సిగ్నల్ లేని చోట కూడా టెక్నీషియన్ ఫోన్‌లో వివరాలు నమోదు చేసుకోవచ్చు, సిగ్నల్ వచ్చాక సింక్ చేస్తే చాలు. ఫోటో, బార్‌కోడ్, సంతకం తీసుకోవడం అందులో తేలిక. వర్క్‌స్పేస్ ప్లాన్లలో చాలావాటికి యాప్‌షీట్ కోర్ కలిసే వస్తుంది, మీ ప్లాన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఒక్క జాగ్రత్త: ప్రతి టేబుల్‌కూ విడిగా ఐడీ కాలమ్ పెట్టి, యూనిక్ఐడీ ఫంక్షన్‌తో నింపండి. వరుస నంబర్‌నే కీగా, అంటే రికార్డును గుర్తుపట్టే ఆనవాలుగా, ఉంచితే, ఎవరైనా షీట్‌లో మధ్య వరుస తీసేసిన రోజున ఒకరి కంప్లయింట్ మీద చేసిన మార్పు ఇంకొకరి దాంట్లో పడుతుంది. అది కనిపెట్టేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

గూగుల్‌లో లేకపోతే, లేదా అనుమతులు, ఆమోదాలు ఎక్కువైతే జోహో క్రియేటర్ చూడండి. 2006 నుంచి ఉన్న టూల్, పాత కాపు. కాకపోతే కొంచెం లోతుకు వెళ్లగానే డెల్యూజ్ అనే దాని స్క్రిప్టు నేర్చుకోక తప్పదు. కోడింగ్ రాకపోయినా, నేర్చుకునే ఓపికున్న ఒక్కరైనా మీ ఆఫీసులో ఉండాలి.

ట్రయల్‌లో శాంపిల్ డేటా వాడొద్దు. అందులో అన్నీ అందంగానే కుదురుతాయి. ఈ మధ్య మీకు బాగా తలనొప్పి తెచ్చిన కంప్లయింట్‌ను తీసుకోండి. భాగం తప్పుగా వేసి వెనక్కి తెచ్చినది, సగం బిల్లు వారంటీలో పోయినది, అలాంటిదాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎక్కించి చూడండి. ఎక్కించేది కూడా మీరు కాదు, రోజూ ఆ పని చేసే మనిషి.

ప్రశ్న: మేం మైక్రోసాఫ్ట్ 365 వాడతాం. షేర్‌పాయింట్ లిస్టుల మీద పవర్ యాప్స్‌తో ఒక యాప్ చేసుకున్నాం. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు వెతికితే కొన్ని రికార్డులు దొరకడం లేదు. లిస్టులో చూస్తే మాత్రం ఉన్నాయి. డేటా పోయిందా?

జవాబు: పోలేదు, కంగారు పడకండి. మీ లిస్టు 500 వరుసలు దాటి ఉంటుంది. మీరు రాసిన ఫార్ములాను షేర్‌పాయింట్ అర్థం చేసుకోగలిగితే, వెతికే పని అదే చేసి పెడుతుంది. అర్థం కాకపోతే పవర్ యాప్స్ మొదటి 500 వరుసలను తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. దీన్నే డెలిగేషన్ సమస్య అంటారు. యాప్ వాడేవాళ్లకు ఎర్రర్ ఏమీ కనిపించదు, ఫలితం మాత్రం అసంపూర్ణంగా వస్తుంది. ఎడిటర్‌లో ఫార్ములా పక్కన హెచ్చరిక గుర్తు వచ్చే ఉంటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు.

సెట్టింగ్స్‌లో ఆ 500ను 2,000 దాకా పెంచుకోవచ్చు, కానీ అది వాయిదా వేయడమే. షేర్‌పాయింట్‌తో సెర్చ్ ఫంక్షన్ డెలిగేట్ కాదు. దాని బదులు ఫిల్టర్‌లో స్టార్ట్స్‌విత్ గానీ, సమానం గుర్తు గానీ వాడి రాస్తే వెతుకులాట మొత్తం లిస్టు మీద జరుగుతుంది. లిస్టు 5,000 దాటబోతుంటే, మీరు వెతికే కాలమ్‌లకు ముందే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి చేసే ఏర్పాటు) పెట్టండి.

ప్రశ్న: వెబ్‌సైట్‌లో ఫారం నింపగానే డేటాబేస్‌లో చేరాలి, కస్టమర్‌కు మెయిల్ వెళ్లాలి, మా టీమ్ చాట్‌లో మెసేజ్ పడాలి, ఒకరికి పని కేటాయించాలి. ఇలాంటి పనులను వాటంతట అవే జరిగేలా చేసే జేపియర్, మేక్, ఎన్‌ఎయిట్‌ఎన్‌లలో ఏది చవక?

జవాబు: ముగ్గురూ మూడు రకాలుగా లెక్క కడతారు, కాబట్టి ప్లాన్ల మీదున్న అంకెలను నేరుగా పోల్చకండి. మీవి నాలుగు పనులు. నెలకు 500 ఫారాలు వస్తాయనుకుంటే జేపియర్‌లో 2,000 టాస్కులు. పూర్తయిన ప్రతి పనినీ లెక్కేస్తుంది, మొదలుపెట్టే ట్రిగర్‌ను లెక్కేయదు. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్‌లో ఎన్ని మెట్లున్నా మొత్తం కలిపి ఒక్క ఎగ్జిక్యూషన్, అంటే 500.

మేక్‌లో ప్రతి మెట్టూ క్రెడిట్ల లెక్కలోకి వస్తుంది, దానికితోడు ట్రిగర్ కూడా. పదిహేను నిమిషాలకోసారి కొత్త ఫారం వచ్చిందా అని చూసే ఏర్పాటు పెడితే రోజుకు 96 సార్లు చూస్తుంది. ఏమీ దొరక్కపోయినా ఆ చూసినందుకు కోత పడుతుంది. నెలకు దాదాపు 2,900 క్రెడిట్లు ఊరికే పోతాయి. వెబ్‌హుక్‌తో, అంటే ఫారం రాగానే వెబ్‌సైటే కబురు పంపేలా, పెట్టుకుంటే ఈ బెడద ఉండదు.

అంతకన్నా ముందు మీ డేటాబేస్ టూల్లోనే ఉన్న ఆటోమేషన్‌తో ఇందులో ఎంత పని అవుతుందో చూడండి. మెయిల్ పంపడం, చాట్ మెసేజ్ లాంటివి చాలావరకు అక్కడే అయిపోతాయి. రికార్డు మారినప్పుడు మొదలయ్యే ఆటోమేషన్ మళ్లీ అదే రికార్డును మార్చేలా మాత్రం పెట్టకండి. అది తన తోకను తానే తరుముతూ ఒక్క రాత్రిలో నెల కోటా మింగేస్తుంది. ‘మెయిల్ వెళ్లింది’ అని ఒక టిక్ బాక్స్ పెట్టి, అది ఖాళీగా ఉంటేనే నడవాలని షరతు రాయండి. ఈ కనెక్షన్లన్నీ సంస్థ పేరున్న అకౌంట్‌తో చేయండి. ఉద్యోగి సొంత లాగిన్‌తో చేస్తే, ఆయన మానేసిన మర్నాడే అన్నీ ఆగిపోతాయి.

ప్రశ్న: ఎయిర్‌టేబుల్ లాంటివే అయిన బేస్‌రో, నోకోడీబీ సొంత సర్వర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చంటున్నారు. అలాంటప్పుడు నెలనెలా డబ్బు కట్టడం ఎందుకు?

జవాబు: సర్వర్ చూసుకునే మనిషి మీకు ఉంటే కట్టక్కర్లేదు. రెండూ మంచి టూళ్లే. ఇప్పటికే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉన్నవాళ్లకు దాని మీదే స్ప్రెడ్‌షీట్ లాంటి ముఖం తగిలించే నోకోడీబీ బాగా నప్పుతుంది. అలాంటి మనిషి లేకపోతే బ్యాకప్, అప్‌డేట్లు, సెక్యూరిటీ ప్యాచ్‌లు అన్నీ మీ నెత్తిన పడతాయి. డిస్క్ నిండి సర్వర్ ఆగిపోయినప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారో చెప్పలేకపోతే క్లౌడ్ వెర్షనే తీసుకోండి.

ప్రశ్న: రేపు టూల్ మారాల్సి వస్తే మా డేటా మొత్తం బయటకు తెచ్చుకోవచ్చా?

జవాబు: డేటా వస్తుంది, మీరు కట్టుకున్న యాప్ రాదు. గూగుల్ 2020 జనవరిలో యాప్‌షీట్‌ను కొని, తన పాత టూల్ యాప్ మేకర్‌ను 2021 జనవరిలో మూసేసింది. అందులో చేసిన యాప్‌లను నేరుగా ఇంకోచోటికి తరలించే వీల్లేక జనం మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సి వచ్చింది.

డేటా కూడా సీఎస్‌వీ ఫైళ్లుగా (ఎక్సెల్‌లో తెరవగల సాదా ఫైళ్లు), ఒక్కో టేబుల్ విడిగా వస్తుంది. టేబుళ్ల మధ్య లింకులు తెగిపోయి ఉత్త పేర్లుగా మిగులుతాయి. ఒకే పేరున్న కస్టమర్లు ఇద్దరుంటే ఏ కంప్లయింట్ ఎవరిదో తేల్చలేరు. అందుకే మొదటి రోజు నుంచే ప్రతి రికార్డుకూ ఒక నంబర్ ఇచ్చి, దాన్నే మొదటి ఫీల్డుగా పెట్టుకోండి. ఫోటోలు, పీడీఎఫ్‌లు ఫైళ్లుగా రావు, లింకులుగా వస్తాయి. ఎయిర్‌టేబుల్లో ఆ లింకులు కొన్ని గంటల్లోనే పనిచేయడం మానేస్తాయి. సీఎస్‌వీ దించుకున్నాం కదా అని అకౌంట్ మూసేస్తే ఫోటోలు పోయినట్టే. వాటిని విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి. కొనకముందే, ట్రయల్‌లో ఉండగానే ఒకసారి అంతా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైళ్లను ఇంకో టూల్‌లోకి ఎక్కించి చూడండి. ఏది వచ్చిందో, ఏది రాలేదో అప్పుడే తెలిసిపోతుంది.