చోజుబాయ్ పొదను బోన్సాయ్‌గా పెంచడం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఫోటో చూశాను. నువ్వు కొన్నది ఫ్లవరింగ్ క్విన్స్ అనే పూలపొదలో చోజుబాయ్ రకం. గోరంత ఆకు, ముళ్ళు, ఎర్ర పూలు. జపాన్‌లో ఈ పొదను బొకె అంటారు. ఇది ఎంతైనా పొదే, దీన్ని ఒంటి మాను చెయ్యాలని పట్టుపట్టకు. కాండం లావెక్కడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా మొదట్లోంచి అరటికి మల్లే పిలకలు వేస్తూనే ఉంటుంది. వదిలేశావా, బలమంతా వాటికే పోయి పై కొమ్మలు ఎండుతాయి. ఐదో ఏడో కాండాలు ఉంచుకుని, మిగతావి లేతగా ఉండగానే మొదలంటా విరిచెయ్యి. కత్తెరతో పైపైన కోస్తే ఒకటి పోయి రెండొస్తాయి.

కుండీ మార్చడం వసంతంలో వద్దు. మీ న్యూజెర్సీలో సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మార్చు. వేరు కోసినచోట క్రౌన్ గాల్ అనే కణితుల రోగం తెచ్చే బాక్టీరియా చొరబడుతుంది. వసంతంలో లాగా మట్టి వెచ్చబడుతూ ఉంటే దానికి పండగ. వేళ్ళ మీద గోధుమరంగు గరుకు బుడిపెలు కనిపిస్తే చుట్టూ మంచి భాగం కలిపి కోసెయ్యి. ప్రతి కోతకీ కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడువు. ఆ మట్టి మరో కుండీలో పోయకు. ఆరోగ్యంగా ఉన్నా సరే, వేళ్ళలో మూడోవంతుకి మించి తియ్యకు. కొత్త కుండీలోకి అకడామా (జపాన్ మట్టి గుళికలు) రెండు పాళ్ళు, ప్యూమిస్ (నురగరాయి) ఒకటి, లావా రాయి ఒకటి కలుపు. దుమ్ము జల్లించాకే వాడు. మార్చిన ఏడాది చలికాలంలో హీటర్ లేని గరాజ్‌లో పెట్టు. ఇంట్లోకి మాత్రం తేవద్దు, చలి తగలకపోతే పూలు రావు.

పూత అయ్యాక చిగుళ్ళు ఆరెనిమిది ఆకులు వెయ్యనిచ్చి, రెండాకులు ఉంచి కత్తిరించు. లావు కావలసిన కొమ్మని మాత్రం ముట్టుకోకు. జూన్ దాటితే కత్తెర పక్కన పెట్టు. పూలు పాత కొమ్మల మీద కణుపుల దగ్గర వస్తాయి. వచ్చే ఏటి మొగ్గలు వేసవి చివరికే తయారవుతాయి. ఆలస్యంగా కోసి, పూయలేదని చెట్టుని తిట్టుకుని లాభం లేదు.

కొమ్మ వంచడానికి తీగ చుట్టేది ఆ ఏటి కొమ్మకే, ఒక మిల్లీమీటరు అల్యూమినియం తీగతో. ముదిరినది పుటుక్కున విరుగుతుంది.

వేసవిలో ఒక్కపూట ఎండినా ఆకులు పసుపెక్కి రాలతాయి. మట్టి తడిగానే ఉండి, ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా మారితే అది ఇనుము లోపం. ఎక్కువగా సున్నపు నీళ్ళ వల్లే. వాననీళ్ళు పట్టి పొయ్యి. చిగుళ్ళకి పేనుబంక తప్పదు. లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టు. కాయలు పడితే గిల్లెయ్యి, చిన్న చెట్టుకి అవి బరువు.

గుంటూరులో అమ్మకి ఒక మొక్క పంపాలన్న ఆలోచన మానుకో. అక్కడి చలి దీనికి చాలదు, ఆవిడకి కాగితంపూల చెట్టే నయం. నీకే ఇంకోటి కావాలంటే, కుండీ మార్చినప్పుడు తీసిన బుడిపెలు లేని వేళ్ళలో పెన్సిలు లావువి రెండంగుళాల ముక్కలు చెయ్యి. కాండం వైపున్న కొస పైకొచ్చేలా నిలువునా గుచ్చు. వసంతంలో ఆ కొసనే చిగురేస్తుంది.

మీ పెదనాన్న