సబ్‌జైల్లో రిమాండ్ అంటే శిక్ష పడినట్టేనా?

కాదండీ, రిమాండ్ అంటే కేసు తేలేదాకా లోపల ఉంచడం, అంతే. అరెస్ట్ చేశాక ప్రయాణ సమయం పక్కనపెడితే 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి, ఆయన రిమాండ్ రాస్తే మామూలుగా దగ్గర్లోని సబ్‌జైలుకే పంపిస్తారు, చిన్న శిక్షలు పడ్డవాళ్ళు కూడా అక్కడే ఉంటారు, పెద్ద శిక్షలైతే చర్లపల్లి, రాజమండ్రి లాంటి సెంట్రల్ జైళ్ళకి. రిమాండ్ ఒక్కోసారి 15 రోజులకి మించి ఇవ్వరు, పొడిగిస్తూ పోతారు.

ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోండి, 60 రోజుల్లో (పదేళ్ళు, ఆపైన శిక్ష పడే పెద్ద కేసులైతే 90) పోలీసులు ఛార్జిషీట్ (దర్యాప్తు ముగించి కోర్టులో వేసే అభియోగపత్రం) వేయకపోతే బెయిల్ మీ హక్కు, కానీ అడగాలి, ఛార్జిషీట్ పడ్డాక అడిగితే లాభం లేదు. ఇది తెలీక పేదోళ్ళు లోపలే ఉండిపోతున్నారు, అదే బాధ. లాయర్‌కి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా లాయర్ని ఇస్తుంది. తర్వాత జైలు శిక్ష పడినా రిమాండ్‌లో ఉన్న రోజులు అందులోంచి తీసేస్తారు.